అద్దె కారులో అరకు, లంబసింగి, మారేడుమిల్లి చుట్టి రావాలి: ఐదు రోజులు సరిపోతాయా?

మియాపూర్ మూర్తి | నవంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. డిసెంబర్ రెండో వారంలో ఐదు రోజులు సెలవు దొరికింది. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, మా అత్తగారు (68 ఏళ్లు). మా బండి పన్నెండేళ్లది, దాన్ని ఘాట్ ఎక్కించే ధైర్యం లేదు. అందుకని హైదరాబాద్‌లోనే సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుందామని అనుకుంటున్నాను. నా ప్లాన్ ఇదీ:

1వ రోజు: హైదరాబాద్ – భద్రాచలం – చింతూరు – మారేడుమిల్లి
2వ రోజు: గుడిస కొండ మీద సూర్యోదయం, తర్వాత సీలేరు అడవి దారిలో లంబసింగి
3వ రోజు: లంబసింగి – వంజంగి – పాడేరు – అరకు
4వ రోజు: అరకు – బొర్రా గుహలు – వైజాగ్, సాయంత్రం బీచ్
5వ రోజు: వైజాగ్ – హైదరాబాద్

ఘాట్ అనుభవం అంటే శ్రీశైలం రెండుసార్లు, తిరుమల ఒకసారి. మ్యాప్‌లో చూస్తే ఏ రోజూ పది గంటలు దాటడం లేదు. పెద్దవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు సరిచేయగలరు.

---

గాలికొండ గాలి | నవంబర్ 3, రాత్రి 10:25

మూర్తి గారూ, మాది వైజాగ్. ప్లాన్ తలకిందులుగా ఉందండీ.

హైదరాబాద్ నుంచి వైజాగ్ 620 కి.మీ. పైమాటే. ఒక రోజు అటు మారేడుమిల్లికి, ఒక రోజంతా వైజాగ్ నుంచి వెనక్కి. అంటే ఐదు రోజుల్లో రెండు రోజులు హైవే మీద లారీల వెనక పోతాయి. అదీ గంటల లెక్కన డబ్బు కట్టే కారులో. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి పడుకుంటే పొద్దున వైజాగ్‌లో ఉంటారు. కారు ఇక్కడే తీసుకోండి, ఇక్కడే అప్పజెప్పండి. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే అదనంగా గుంజుతారు, చాలామంది అసలు ఒప్పుకోరు కూడా.

నేనైతే ఇలా తిరుగుతాను: వైజాగ్ – శృంగవరపుకోట – అనంతగిరి – బొర్రా – అరకు – పాడేరు – చింతపల్లి – లంబసింగి – రంపచోడవరం – మారేడుమిల్లి – రాజమండ్రి – వైజాగ్. కష్టమైన ఘాట్లన్నీ ఓపిక ఉన్న రోజుల్లో అయిపోతాయి. చివరి రోజు రాజమండ్రి నుంచి వైజాగ్ దాకా 190 కి.మీ. చిల్లర పెద్ద రోడ్డే, నిద్రమొహంతో ఉన్నా నడిపేయొచ్చు. (నిద్రపోతూ కాదు లెండి.)

ఇంకో మాట. లంబసింగిలో శనివారం రాత్రి పడకుండా చూసుకోండి. డిసెంబర్ వీకెండ్‌లో అక్కడ మంచు కంటే కార్ల పొగ ఎక్కువ.

---

ఓరుగల్లు పోరడు | నవంబర్ 3, రాత్రి 11:10

అన్నా, భయపెట్టకుర్రి. మేం నలుగురు దోస్తులం పోయిన జనవరిలో రాత్రి పదింటికి హన్మకొండలో బయల్దేరి తెల్లారేసరికి మారేడుమిల్లిల ఉన్నం. గుడిస చూసినం, అదే రోజు సీలేరు మీదికెళ్లి రాత్రి ఎనిమిదింటికి లంబసింగి చేరినం. ఏం కాలే. మస్తు ఎంజాయ్ చేసినం. మూర్తన్న ప్లాన్ సరిగ్గనే ఉంది, రోజుకు రెండు గంటలు ఎక్కువ నడిపితే అయిపోతది.

---

రెండో గేరు | నవంబర్ 4, ఉదయం 5:50

తమ్ముడూ పోరడూ, నీ వయసులో నేనూ అలాగే తిరిగాను. ఏం కాలేదు కాబట్టి ఇప్పుడు ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. ఏదైనా అయినవాళ్లు ఇక్కడికొచ్చి రాయరు కదా.

నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్లు నర్సీపట్నం, చింతపల్లి, సీలేరు వైపు డ్యూటీలే. మూర్తి గారికి ఒక్కటే చెప్తాను. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన కొండల్లో, కిలోమీటర్లు లెక్కపెట్టకూడదు, వెలుతురు లెక్కపెట్టాలి. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. పొద్దున మంచు తేలేసరికి ఎనిమిది, ఒక్కోరోజు తొమ్మిది. నికరంగా మీ చేతిలో ఉండేది ఎనిమిది గంటలు. అందులో టిఫిన్, భోజనం, పాప వాంతులు, ఫోటోలు తీసేస్తే స్టీరింగ్ పట్టుకునేది నాలుగైదు గంటలు. ఘాట్‌లో గంటకు పాతిక కి.మీ. వస్తే బాగా నడిపినట్టే. ఇప్పుడు ఆ మ్యాప్‌లో పది గంటలు మళ్లీ చూసుకోండి.

మీ రెండో రోజు ఒక్కటే రెండున్నర రోజుల పని. గుడిస సూర్యోదయానికి అద్దె కారు అసలు పనికిరాదు. కింద కారు పెట్టి, తెల్లవారుజామున స్థానిక జీపులో ఎక్కాలి. ఆ కుదుపులు 68 ఏళ్ల మనిషికి వద్దు.

ఘాట్ దిగేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. ఎక్కడానికి రెండో గేరు కావాల్సిన చోట దిగడానికీ రెండో గేరే. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే పదో మలుపుకి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకు తొక్కినా మెత్తగా లోపలికి పోతుంది. వాసన వచ్చిందంటే వెడల్పు ఉన్న చోట ఆపి, అరగంట కూర్చుని టీ తాగండి. చక్రాల మీద నీళ్లు కొట్టకండి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, ఇది రూలే. చాలామంది కార్లవాళ్లకి తెలియదు, బస్సు ముందు నిలబడి హారన్ కొడుతుంటారు.

---

పెసరట్టు ప్రియ | నవంబర్ 4, ఉదయం 11:15

దారి గురించి అన్నయ్యలు చెప్పారు. నేను కారు గురించి చెప్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నాను.

రెండేళ్ల క్రితం మేము అరకు వెళ్లడానికి సెల్ఫ్ డ్రైవ్ తీసుకున్నాం. కంపెనీ పేరు రాయను. పొద్దున ఆరింటికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చీకట్లో అప్పజెప్పాడు కుర్రాడు. "గీతలేం లేవు మేడం" అంటే సరే అన్నాం. తిరిగి ఇచ్చేటప్పుడు అదే కంపెనీ ఇంకో కుర్రాడు నేల మీద పడుకుని, ముందు బంపర్ కింది అంచు టార్చి లైటు వేసి చూపించాడు. అరచేయంత పొడవు గీత. మేం ఎక్కడా తగిలించలేదు. కానీ మా దగ్గర ఉన్న వీడియోలో తలుపులు, టైర్లు, అద్దాలు అన్నీ ఉన్నాయి, బంపర్ కింది అంచు తప్ప. 7,000 డిపాజిట్‌లో 4,500 కోసేశారు.

అందుకని వీడియో వెలుతురులో తీయండి. బంపర్ల కింది అంచు, రిమ్ములు, అద్దం మీద రాయి దెబ్బలు, సీటు కవర్లు, పైకప్పు, డిక్కీ లోపల. మీటరు, పెట్రోల్ ముల్లు కూడా అందులో రావాలి. తీసిన వెంటనే వాళ్ల నంబరుకే వాట్సాప్ చేసేయండి, అప్పుడు తేదీ, టైము వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది. స్టెప్నీ నొక్కి చూడండి. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో చూడండి. మాకిచ్చిన దాంట్లో జాకీ ఉంది, తిప్పే కడ్డీ లేదు!

నంబర్ ప్లేటు మాత్రం తప్పకుండా చూడండి. సెల్ఫ్ డ్రైవ్‌కి పర్మిట్ ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు బండి చవగ్గా ఇస్తామంటారు. అది సొంత వాడకానికి రిజిస్టర్ అయిన బండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. రోజుకి ఐదొందలు మిగిలిందని సంబరపడితే చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించుకోండి.

రోజుకు ఇన్ని కిలోమీటర్లని ప్యాకేజీ ఉంటే, దాటాక కి.మీ.కి ఎంతో ముందే అడగండి. కొందరు బండికి జీపీఎస్ పెట్టి, వేగం దాటితే ఫైన్ వేస్తారు. అది ఎంత వేగానికో కూడా అడగండి. ఘాట్‌లో ఆ ఇబ్బంది రాదులెండి, తుని దాటాక పెద్ద రోడ్డు మీదే కాలు బరువవుతుంది.

---

సీలేరు నీళ్లు | నవంబర్ 4, మధ్యాహ్నం 1:30

మాది చింతపల్లి దగ్గర ఊరు. రాస్తే పెద్దదైపోతుంది, అయినా రాస్తాను.

సీలేరు దారి: గూడెంకొత్తవీధి దాటాక అడవి మొదలవుతుంది. అందమైన దారే, నేను కాదనను. సీలేరు, డొంకరాయి జలాశయాలు, మోతుగూడెం దగ్గర కొండలు... కానీ పంచర్ పడితే సాయం వచ్చేదాకా కూర్చోవాలి. ఫోన్ పలకదు. పెట్రోల్ బంకులు లేవనే అనుకోండి. కొత్తవాళ్లు, పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ దారి వద్దు. లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు ఘాట్ దిగి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల మీదుగా రంపచోడవరం వెళ్లండి. చుట్టూ ఊళ్లుంటాయి, మనుషులుంటారు.

ఆ దారికి ఇంకో గొప్పతనం ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరసగా మూడు రోజులు మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి చేశాడు కదా. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మీరు వెళ్లేది సరిగ్గా ఆ వరసలోనే. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి రోడ్డుకు దగ్గరే. పాపకు చూపించండి. 1924 మే 7న ఆయన్ను కాల్చి చంపిన కొయ్యూరు ప్రాంతం కూడా అక్కడికి దగ్గరే. ఇప్పుడు జిల్లాకే ఆయన పేరు పెట్టారు, 2022 నుంచి.

పెట్రోల్ మాట. అరకులో, పాడేరులో, చింతపల్లిలో బంకులున్నాయి. సగం ట్యాంకు కిందికి దిగనీయకండి. మ్యాపులు ఫోన్‌లోకి ముందే దించుకోండి. మ్యాప్ పొట్టి దారి చూపించిందని మట్టి రోడ్డు ఎక్కకండి. అది ఎవరో ఒకరి జీడిమామిడి తోటలోకి తీసుకెళ్లి "మీరు చేరుకున్నారు" అంటుంది.

చెక్‌పోస్టుల్లో పోలీసులు డిక్కీ తెరిపిస్తారు. గంజాయి రవాణా గురించి తనిఖీలు, బయటి బండి కనిపిస్తే ఇంకా ఎక్కువ. లైసెన్సు, కారు కాగితాలు, అద్దె ఒప్పందం చేతికి అందేలా పెట్టుకోండి. కంగారేమీ లేదు, పది నిమిషాల పని. కానీ దారిలో ఎవరైనా "ఈ సంచి పాడేరులో ఇచ్చేయండి" అంటే మాత్రం తీసుకోకండి.

చివరగా, కోప్పడకండి. సంతలో మా ఆడవాళ్ల ముక్కుపోగులు బాగున్నాయని మొహం మీద ఫోన్ పెట్టి ఫోటోలు తీస్తారు. అడగండి. అడిగితే నవ్వుతూ తీయించుకునేవాళ్లూ ఉన్నారు.

---

మియాపూర్ మూర్తి | నవంబర్ 4, రాత్రి 10:05

ఇన్ని విషయాలు! మా ఆవిడ కూడా పక్కన కూర్చుని చదివింది. "నేను చెప్తే వినలేదు, ఇప్పుడు విన్నారు" అంటోంది. హైదరాబాద్ నుంచి కారు ఆలోచన మానేశాను. గుడిస, సీలేరు కొట్టేశాను. వంజంగి ఉంచాను. కొత్త ప్లాన్:

ఆదివారం రాత్రి రైలు. సోమ: వైజాగ్ – బొర్రా – అరకు. మంగళ: అరకు – పాడేరు – లంబసింగి. బుధ: లంబసింగి – మారేడుమిల్లి. గురు: మారేడుమిల్లి – రాజమండ్రి, పాపికొండల బోటు. శుక్ర: రాజమండ్రి – వైజాగ్, రాత్రి రైలు.

రెండు సందేహాలు. పాపకు శ్రీశైలం దారిలోనే మూడుసార్లు వాంతి అయింది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అరకు రైలు గురించి అందరూ చెప్తారు, కానీ కారు తీసుకుంటే రైలు ఎలా ఎక్కుతాం?

---

గాలికొండ గాలి | నవంబర్ 4, రాత్రి 10:40

ఎక్కొచ్చు! ఇదే చాలామందికి తట్టదు. మీ ఆవిడ, పాప, అత్తగారు వైజాగ్‌లో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ బండి, అదే అరకు రైలు, ఎక్కుతారు. మీరు కారు తీసుకుని ఒంటరిగా ఘాట్ ఎక్కి అరకు స్టేషన్‌లో వాళ్లను కలుస్తారు. అద్దాల బోగీలో సీటు దొరికితే అదృష్టం, లేకపోతే మామూలు బోగీలో అయినా కిటికీ చాలు. బొర్రా స్టేషన్ దాటాక శిమిలిగూడ వస్తుంది. ఒకప్పుడు దేశం మొత్తంలో బ్రాడ్ గేజ్ లైన్ మీద అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అది, 996 మీటర్లు. యాభైకి పైగా సొరంగాలు, పిల్లలు లెక్కపెడుతూ వాంతి సంగతే మర్చిపోతారు. మా పిల్లలు ముప్పై దగ్గర కొట్టుకుని లెక్క తప్పారు.

ఒక్క ఇబ్బంది. మీరు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగేసరికి ఆ బండికి అందకపోవచ్చు. శనివారం రాత్రే బయల్దేరితే ఆదివారం వైజాగ్‌లో పడుకుని, సోమవారం తీరిగ్గా ఎక్కొచ్చు.

బొర్రా మాత్రం అత్తగారికి ఆలోచించుకోండి. లోపల మెట్లు ఎక్కువ, తడిగా ఉంటాయి. మన నెత్తి మీద, అంటే గుహ పైనే, ఆ రైలు పట్టాలు పోతాయి. గోస్తనీ నది పుట్టిల్లు ఆ కొండలే. అక్కడ చూసిన నీళ్లే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి. బయట కోతులున్నాయి, చేతిలో జొన్నపొత్తు కనబడకూడదు.

---

పెసరట్టు ప్రియ | నవంబర్ 5, ఉదయం 9:20

పాప గురించి: బయల్దేరే ముందు పాలు పట్టకండి. రెండు ఇడ్లీలు చాలు. ఫోన్ చూడనివ్వకండి, ముందు అద్దంలోంచి దూరంగా చూడమనండి. మాత్ర వేసేటట్టయితే పిల్లల డాక్టర్‌ని అడిగి, ఎక్కకముందే వేయాలి. వాంతి మొదలయ్యాక వేసి లాభం లేదు. ప్లాస్టిక్ కవర్లు పది పెట్టుకోండి. సీటు పాడైతే క్లీనింగ్ చార్జీలని ఇంకో బిల్లు వేస్తారు (ఇదీ అనుభవమే, వేరే కథ).

గురువారం మారేడుమిల్లి నుంచి దిగి, అదే రోజు పాపికొండల బోటు అన్నారు. కుదరదండీ. బోటు పొద్దున బయల్దేరి సాయంత్రానికి వస్తుంది, రోజంతా పోతుంది. మారేడుమిల్లి ఉంచుకుంటే బోటు వదిలేయాలి, బోటు కావాలంటే మారేడుమిల్లి వదిలేయాలి.

---

ఓరుగల్లు పోరడు | నవంబర్ 5, మధ్యాహ్నం 12:45

బోటు వదిలేయొద్దన్నా. పాపికొండలు చూడకుండ గోదావరి దాక పోయి వస్తరా?

రెండో గేరు బాబాయ్, నిన్న మీరు రాసింది మా దోస్తుకి చూపించిన. ఆ రోజు సీలేరు దాటినంక మా బండి బ్రేకు వాసన వచ్చింది, అప్పుడు నవ్వుకున్నం. ఇప్పుడు నవ్వొస్తలేదు.

---

రెండో గేరు | నవంబర్ 5, సాయంత్రం 4:30

వాసన వచ్చిన రోజు గుర్తుంటే చాలు తమ్ముడూ.

బోటు గురించి నా ఓటు: వద్దు. ఈ ట్రిప్పు కొండలది, నదిది ఇంకోసారి పెట్టుకోండి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు ప్రమాదం అయ్యాక నిబంధనలు గట్టిపడ్డాయి. నీటిమట్టం చూసి ఆపేస్తారు కూడా. ఒక్కరోజు కోసం టిక్కెట్లు కొనుక్కుని, అది రద్దయితే మీ మొత్తం లెక్క తప్పుతుంది. గురువారం తీరిగ్గా దిగండి. రంపచోడవరం దగ్గర రంప జలపాతం చూడండి. మధ్యాహ్నానికి రాజమండ్రి చేరి, ధవళేశ్వరంలో ఆనకట్ట మీద, కాటన్ మ్యూజియంలో ఒక గంట గడపండి. సాయంత్రం పుష్కర ఘాట్‌లో కూర్చుంటే గోదావరి ఉచితం.

మంచు గురించి చెప్పడం మరిచాను. మంచులో హై బీమ్ వేయకండి. తెల్లగోడ మీద టార్చి వేసినట్టు మీ కళ్లకే కొడుతుంది. డిమ్, ఫాగ్ లైట్లు ఉంటే అవి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసి పోతుంటారు చాలామంది, వెనకవాడికి మీరు ఆగారో నడుస్తున్నారో తెలియదు. ఇండికేటర్ ఏ వైపో అసలే తెలియదు. ముందు బండి కనిపించకపోతే ఆగండి, కానీ మలుపులో ఆగకండి.

---

న్యూజెర్సీ నాయుడు | నవంబర్ 6, ఉదయం 7:05

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మేము జనవరిలో వస్తున్నాం, ఇదే దారి చేద్దామని ఉంది. నా దగ్గర అమెరికా లైసెన్సు మాత్రమే ఉంది. దాంతో కారు ఇస్తారా?

---

గాలికొండ గాలి | నవంబర్ 6, ఉదయం 8:15

నాయుడు గారూ, అక్కడ ట్రిపుల్ ఏ (అమెరికా వాహనదారుల సంఘం) ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రండి, ఏడాది చెల్లుతుంది. అమెరికా లైసెన్సు కూడా వెంట ఉండాలి, పర్మిట్ ఒక్కటే చాలదు. అది ఉన్నా ఇక్కడ కొన్ని కంపెనీలు ఇండియన్ లైసెన్సే కావాలంటాయి, బుక్ చేసే ముందే అడగండి. నా మాట వింటే మాత్రం డ్రైవర్‌తో తీసుకోండి. కుడివైపు నడిపిన చేతితో, గేర్ల బండి, ఎడమవైపు, అరకు ఘాట్... మీ సెలవు, మీ ఇష్టం.

---

మోడరేటర్ | నవంబర్ 6, ఉదయం 8:40

వీసా, ఎయిర్‌పోర్టు పికప్ ప్రశ్నలకు వేరే చర్చ ఉంది. ఇది మూర్తి గారి ట్రిప్పు, ఇక్కడ దారి తప్పనివ్వకండి.

---

సీలేరు నీళ్లు | నవంబర్ 6, రాత్రి 8:00

మూర్తి గారూ, వంజంగి గురించి. మేఘాల సముద్రం చూడాలంటే చీకటితోనే కొండ ఎక్కాలి, చివర నడక తప్పదు. మోకాళ్ల నొప్పులంటే అత్తగారికి కుదరదు. మీ పాపతో మీరు వెళ్లి రావడానికైనా పాడేరులో రాత్రి పడుకోవాలి. మీరు పడుకునేది అరకులో. కాబట్టి అది కూడా తీసేయండి.

బదులు, లంబసింగి దగ్గర చెరువులవేనం ఉంది. అక్కడా మేఘాలు కింద పరుచుకుంటాయి. తాజంగి జలాశయం దగ్గరికి కారు వెళ్తుంది, అత్తగారు దిగకుండానే చూడొచ్చు. అరకు చుట్టుపక్కల వలిసె పూలు మీరు వచ్చేసరికి అక్కడక్కడా మిగిలి ఉండొచ్చు. పసుపుపచ్చని చేలు. ఫోటో కోసం చేలోకి దిగి తొక్కితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

లంబసింగిని మేము కొర్రబయలు అంటాం. బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని. హైదరాబాద్ స్వెట్టర్‌తో రాకండి.

---

మియాపూర్ మూర్తి | నవంబర్ 6, రాత్రి 10:30

గుడిస పోయింది, సీలేరు పోయింది, బోటు పోయింది, ఇప్పుడు వంజంగి పోయింది. ఈ చర్చ ఇంకో వారం సాగితే మియాపూర్‌లోనే ఉండిపోయేలా ఉన్నాను 🙂 శనివారం రాత్రి రైలుకు టిక్కెట్లు మార్చాను. కారు బుక్ చేశాను, నల్ల ప్లేటే. వచ్చాక రాస్తాను.

---

మియాపూర్ మూర్తి | డిసెంబర్ 17, రాత్రి 9:15

వచ్చేశాం. రెండు రోజులుగా బట్టలు ఉతుకుతున్నాం.

ముందు కారు. అప్పజెప్పిన కుర్రాడి ఎదురుగానే నేల మీద పడుకుని బంపర్ కింద వీడియో తీశాను. "సార్, మీరు ఇదివరకు మా దగ్గర పనిచేశారా?" అన్నాడు. బంపర్ కింద రెండు గీతలు అప్పటికే ఉన్నాయి, ఫారంలో రాయించాను. స్టెప్నీలో గాలి సగమే ఉంది, పక్కనే ఉన్న పంచర్ షాపులో కొట్టించి ఇచ్చాడు. ప్రియ గారూ, మీ 4,500 నాకు మిగిలింది.

రైలు ఆలోచన చెప్పిన గాలికొండ గారికి మా అత్తగారి ఆశీస్సులు. పాప సొరంగాలు 47 దగ్గర నిద్రపోయింది. వాంతి లేదు. నేను ఒక్కణ్ణే ఘాట్ ఎక్కాను, ఆ మూడు గంటలు నా పెళ్లయ్యాక నాకు దొరికిన మొదటి మౌనం. గాలికొండ దగ్గర ఆపి కాఫీ తాగాను. పక్కన మిరియం తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి కింద కాఫీ మొక్కలు, కొమ్మల నిండా ఎర్రగా పండ్లు. ఒకామె బుట్టలో కోస్తోంది. ఒక పండు ఇచ్చింది. పైతోలు తియ్యగా ఉంది, లోపల జిగురు జిగురుగా రెండు గింజలు. నలభై ఏళ్లుగా కాఫీ తాగుతున్నాను, కాఫీ పండు తియ్యగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

బొర్రాకి మరునాడు పొద్దున అరకు నుంచి వెనక్కి వచ్చాం. అత్తగారు మొదటి మెట్ల వరస దిగి అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయారు. "మీరు వెళ్లి రండి, నాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది" అన్నారు. తిరిగొచ్చేసరికి ఇంకో ఇద్దరు పెద్దవాళ్లతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతున్నారు. ఈ వెనక్కి రావడమే రెండు గంటలు తినేసింది. లంబసింగి చేరేసరికి ఆరుంబావు, పూర్తి చీకటి. చింతపల్లి దాటాక ఆఖరి అరగంట ఎవరం మాట్లాడలేదు. ఒక మలుపులో ఎదురుగా జీపు హై బీమ్‌తో వస్తే నాకేమీ కనిపించక ఆపేశాను. ఆ క్షణంలో రెండో గేరు గారు రాసిన వెలుతురు మాట గుర్తొచ్చింది. తప్పు నాదే, బొర్రా మొదటి రోజే దారిలో చూసుకోవాల్సింది. కానీ మొదటి రోజు వీళ్లు రైల్లో, నేను కారులో! ఆ చిక్కు ముందు ఎవరికీ తట్టలేదు. రైలు పద్ధతి ఎంచుకునేవాళ్లు అరకులో రెండు రాత్రులు పెట్టుకోండి, లేదా ఆడవాళ్లను బొర్రా స్టేషన్‌లోనే దింపించి అక్కడ కారెక్కించుకోండి.

లంబసింగిలో తెల్లవారి తలుపు తీస్తే ఎదురుగా పెట్టిన కారు కనిపించలేదు. కారు మీద వేలితో పాప తన పేరు రాసింది, అంత తడి. తాజంగి దగ్గర నీళ్ల మీద పొగ లేస్తోంది. దారిలో ఒక తోటలో స్ట్రాబెర్రీలు కొన్నాం, అత్తగారికి పుల్లగా ఉండి నచ్చలేదు. చింతపల్లి రాజ్మా రెండు కిలోలు కొన్నారు.

ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు. వెనక ఒక కారు హారన్ కొడుతూనే ఉంది, పక్కకు తీసి పంపించాను. కింద టీ కొట్టు దగ్గర అదే కారు బానెట్ ఎత్తి ఆగి ఉంది, పక్కన కాలిన వాసన. నేనేమీ అనలేదు.

కృష్ణదేవిపేటలో సమాధి దగ్గర మేము తప్ప ఎవరూ లేరు. పాప ఆయన వయసెంత అని అడిగింది. ఇరవై ఆరు అన్నాను. "మామయ్య కంటే చిన్నా?" అంది. వాళ్ల మామయ్యకి ఇరవై తొమ్మిది, ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ముందు సీట్లో నిశ్శబ్దం.

మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తిన్నాం. అరకులో తిన్నదానికంటే బాగుంది (గొడవకు సిద్ధం). రాజమండ్రిలో రోజ్ మిల్క్, పుష్కర ఘాట్. చివరి రోజు పెద్ద రోడ్డు మీద కృష్ణవరం, వేంపాడు టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బులు కోశారు, అవి కారువాళ్లు మన లెక్కలో వేస్తారు, గుర్తుంచుకోండి. అన్నవరం కొండ ఎక్కి దర్శనం చేసుకుని, ఆకులో ప్రసాదం తిని, నాలుగింటికి వైజాగ్‌లో కారు అప్పజెప్పాం. డిపాజిట్‌లో టోల్ పోను మిగతాది నిన్న వచ్చింది.

---

పెసరట్టు ప్రియ | డిసెంబర్ 17, రాత్రి 9:50

నిశ్శబ్దం చదివి నవ్వాగలేదు. నా 4,500లో సగం పంపించండి.

---

ఓరుగల్లు పోరడు | డిసెంబర్ 17, రాత్రి 10:20

అరకు బొంగు చికెన్ కంటే మారేడుమిల్లిదే మంచిగుంటది, ఇది నేను ముందే చెప్పేటోణ్ణి, ఎవరూ అడగలే.

---

మియాపూర్ మూర్తి | డిసెంబర్ 17, రాత్రి 10:45

ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ కాఫీ తోటలామె, పూత సమయంలో రండి, కొండంతా తెల్లగా ఉంటుందని చెప్పింది. ఎప్పుడు? అత్తగారు అప్పుడే అడుగుతున్నారు.

---

రెండో గేరు | డిసెంబర్ 18, ఉదయం 5:45

మార్చి, ఏప్రిల్. తేదీ చెప్పలేం. మొదటి మంచి వాన పడ్డాక ఎనిమిది పది రోజులకు విచ్చుతుంది, రెండు మూడు రోజులే ఉంటుంది. వాన పడగానే సీలేరు నీళ్లు గారిని ఇక్కడ ఒక ముక్క రాయమనండి, అప్పుడు కారు బుక్ చేసుకోండి. ఎండాకాలం కాబట్టి ఈసారి బంపర్ కిందే కాదు, బానెట్ ఎత్తించి కూలెంట్ కూడా చూడండి.